ఉప్పు చావదు వదినా

మా వదిన కోటేశ్వరమ్మ పెట్టే చింతకాయ తొక్కుకి మా రాజుపాలెం చుట్టుపక్కల మంచి పేరుంది. బాలింతలకి అదే, జ్వరం పడి లేచినవాళ్లకి అదే, ఆపరేషన్ చేయించుకుని ఇంటికొచ్చినవాళ్లకీ అదే. మూడేళ్లు మాగి నల్లబడ్డాక అది తొక్కు కాదు, మందు అంటారు మా ఊళ్లో. ఆ మందు నేనూ తిన్నాను. ఒక ఎండాకాలమంతా పూటపూటా తిన్నాను. తిని కూడా బతికాను కాబట్టి ఇది రాస్తున్నాను.

జబ్బు నుంచి బయటపడ్డవాళ్లు సాధారణంగా అందర్నీ క్షమించేశామని, మనసు తేలికపడిందని చెబుతారు. నాకు తేలికపడ్డది పొట్ట ఒక్కటే, అదీ సూది గుచ్చి నీళ్లు తీశాక. మనసులో ఉన్నది అట్లాగే ఉంది. క్షమాపణ కోసం చదివేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు. మీ ఇంట్లో ఎవరికైనా కళ్లు పచ్చబడి ఉంటే మాత్రం చివరిదాకా చదవండి.

నా పేరు పద్మ. మాకు పిండి, కారం పట్టే మర ఉంది. మా ఆయన పొలం చూసుకుంటాడు, మర నాది. మిరపకాయల సీజన్‌లో మా వాకిట్లో బేసిన్లు, గోతాలు వరసగా ఉంటాయి. "ఉప్పేసి పట్టాలా, వట్టిదేనా?" అని అడగడం నాకు నిద్రలో కూడా అలవాటు. కోటేశ్వరమ్మ మా ఆయనకి అక్క. మా ఊళ్లోనే రెండు వీధుల అవతలికి ఇచ్చారు. అత్తగారు పోయాక ఆ పెత్తనం ఎవరూ ఇవ్వకుండానే ఆవిడ తీసుకుంది.

శివరాత్రికి ముందు

రెండేళ్ల కిందట శివరాత్రి దగ్గర పడుతోంది. కొత్త కాయ మరకి రావడం మొదలైంది. నాకేమో పొద్దున లేస్తూనే సాయంత్రమైనంత అలసట. ఒళ్లంతా దురద. కారం మరలో పనిచేసేదానికి దురద ఏమిటని ఎవరడుగుతారు? నేనూ అడగలేదు. గోక్కుంటూనే పట్టాను. మూత్రం ముదురు రంగులో వస్తుంటే ఎండకి వేడి చేసిందనుకుని మజ్జిగ తాగాను.

చివరికి కారం పట్టించుకోను వచ్చిన ఒకావిడ డబ్బులివ్వబోయి ఆగిపోయింది.

"ఏంది పద్మక్కా, కళ్లు అట్టా పచ్చగా ఉండయ్యి?"

అద్దంలో చూసుకుంటే తెల్లగుడ్డు పసుపు నీళ్లలో ముంచి తీసినట్టుంది. సత్తెనపల్లిలో డాక్టరు దగ్గరికి వెళ్లాం. మా ఆయన పొలంలో ఉన్నాడని వదిన తోడొచ్చింది. డాక్టరు కళ్లు చూశాడు, పొట్ట నొక్కాడు, రక్తం పరీక్షలకి రాశాడు. "మందు అలవాటు ఏమైనా ఉందామ్మా?" అని అడిగాడు. అడగడం ఆయన పని. ఆయన మీద నాకు కోపం లేదు. "వాసన కూడా పడదండీ" అన్నాను.

వదిన పక్కనే కూర్చుని రెండూ వింది. నా జవాబు సత్తెనపల్లి ఆటో స్టాండులోనే దిగిపోయింది. ప్రశ్న మాత్రం ఆవిడతోపాటు మా ఊరిదాకా వచ్చింది.

పథ్యం

కామెర్లు, లివర్ దెబ్బతింది అన్నారు. ఏవో మాత్రలిచ్చి, గుంటూరు వెళ్లి పెద్ద డాక్టరుకి చూపించుకోమన్నారు. గుంటూరు సంగతి తర్వాత చూద్దామని, ముందు పథ్యం మొదలుపెట్టింది వదిన. ఆ రోజు నుంచి మా వంటిల్లు ఆవిడది.

"లివరంటే మాటలా? నూనె తగలకూడదు. పప్పు వాతం. గుడ్డు వేడి. పాలు అరగవు. పసుపు పేరెత్తబాకండి, కామెర్లున్న మనిషికి పసుపు పెడతారా ఎవరన్నా?"

మెత్తగా ఉడికించిన అన్నం, పక్కన గోరంత తొక్కు. గోరంతతో ముద్ద దిగేది కాదు, ఇంకాస్త వేసేది. కూర ఉండదు కాబట్టి రెండు పూటలా అదే. ఒకరోజు అడిగాను.

"తొక్కులో పసుపుంది గదా వదినా?"

"పాతది గదే! మాగినాక దాని గుణం పొయ్యి మందు గుణం వస్తది. నీకు తెలవదులే, తిను."

నాకు తెలవదని నేనూ నమ్మాను. నాలుగో వారానికి పాదాలు ఉబ్బాయి. తర్వాత పొట్ట. చేతులు మాత్రం చిక్కిపోయి గాజులు మోచేతిదాకా జారేవి. చూడడానికి వచ్చినవాళ్లకి వదిన నన్ను చూపించి, "మొన్నటికి ఇప్పటికి కాస్త ఒళ్లు చేసింది, తొక్కు పడింది" అని చెప్పేది. వాపుని చూసి బలుపనుకోవడం అని సామెత చెప్పుకుంటాం గానీ, దాన్ని నా ఒంటి మీద ఆడించి చూపిస్తారని అనుకోలేదు.

ఆవిడ రోజూ వచ్చిన మాట నిజం. వంగి నా కాళ్లు ఒత్తిన మాట కూడా నిజం. అది రాయకపోతే అబద్ధమవుతుంది. కానీ ఆ చేతులతోనే నా కాళ్లు ఒత్తి, బయట వసారాలో కూర్చుని ఏమనేదో కూడా రాయాలి. మధ్యలో ఉన్నది ఒక్క పరదా. ఆవిడకి అది గోడ.

"ఏమో అమ్మా, మనం చూశామా పెట్టామా? మర కాడ ఒక్కతే ఉంటది. ఊరికే వస్తదా లివరు జబ్బు? ఆ డాక్టరు కూడా అదే అడిగాడు."

పరదా ఇవతల నేను కళ్లు మూసుకుని పడుకున్నాను. లేచి జుట్టు పట్టుకోవాలని ఉంది, లేవడానికి శక్తి లేదు. పుండు మీద కారం చల్లడం అంటే ఏమిటో కారం మర నడిపేదాన్ని, నాకు అప్పుడు తెలిసింది.

కుండ మూతికి మూకుడుంటుంది గానీ ఊరి నోటికి ఉండదు. మర దగ్గర బేసిన్లు తగ్గాయి. అంటుకుంటుందని కొందరు, తాగుబోతుదని కొందరు పక్క ఊరి మరకి మళ్లారు. మా ఆయన పొలం మాని మరలో కూర్చున్నా ఎవరూ రాని రోజులున్నాయి.

ఒక మధ్యాహ్నం ఎందుకో గుడ్డు తినాలని ప్రాణం కొట్టుకుంది. ఉడకబెట్టిన ఒక్క గుడ్డు. మా ఆయనని దగ్గరికి పిలిచి చెవిలో అడిగాను, పిల్లలు తాయిలం అడిగినట్టు.

"అక్కనడిగి పెడతాలే" అన్నాడు.

అక్క వద్దంది. ఆయన తల వంచుకుని వచ్చి, "తగ్గినాక తిందువుగాని పద్మా" అన్నాడు. ఆ తల ఇన్నేళ్ల కాపరంలో అంత చిన్నగా నాకెప్పుడూ కనపడలేదు. ఆయన్ని కూడా క్షమించలేదు, కాకపోతే ఆయనతో లెక్క ఇంట్లోనే తేల్చుకున్నాను.

ఎండలు ముదిరాక

ఈ భాగం నాకు సరిగా గుర్తులేదు, ఇంట్లోవాళ్లు చెప్పిందే రాస్తున్నాను. పగలంతా నిద్ర, రాత్రంతా మెలకువ. చెయ్యి చాపితే పిట్ట రెక్కలా టపటపా కొట్టుకునేది. ఒకరోజు ఎవరూ చూడకుండా మరలోకి వెళ్లి, ఎవరో అప్పాలకని తెచ్చిన బియ్యాన్ని కారం పట్టే దాంట్లో పోశానట. పిండి ఎర్రగా వచ్చింది. అది చూసి నేను నవ్వానట. అన్నిటికన్నా అవమానం, మా వదినని పట్టుకుని "అమ్మా" అని పిలిచానట.

అప్పుడు భయపడ్డాడు మా ఆయన. అక్కని అడగకుండా కారు మాట్లాడి గుంటూరు తీసుకెళ్లాడు. అడగకపోయినా అక్క ఎక్కి కూర్చుంది, ఒళ్లో చిన్న జాడీతో.

గుంటూరులో లివర్ డాక్టరమ్మ గది బయట హాలు నిండా జనం. అందరి చేతుల్లో ప్లాస్టిక్ కవర్లో ఫైళ్లు, అందరి కళ్లు తలుపు మీద. లోపలి నుంచి ఎవరైనా బయటికి వస్తే వాళ్ల మొహం చూసి మన సంగతి ఊహించుకోవడమే పని. నా పక్క కుర్చీలో నరసరావుపేట నుంచి వచ్చిన షమీమ్ అనే ఆవిడ ఉంది. వాళ్లాయన లేతు మిషన్ మెకానిక్. హెపటైటిస్ బి వల్ల లివర్ గట్టిపడిందట.

"నిన్ను కూడా అడిగినారా అక్కా, తాగుతావా అని?" అంది నన్ను చూసి. ఎట్లా కనిపెట్టిందో తెలియదు.

"అడిగారు."

"మా ఆయన్ని మా చుట్టాలే అడిగినారు. నమాజు తప్పని మనిషిని." అని నవ్వింది. నవ్వులో నా కోపమే ఉంది. అంతమందిలో అప్పుడు నాకు కాస్త ధైర్యం వచ్చింది.

లోపల డాక్టరమ్మ అంతా చూసి ఏం తింటున్నానని అడిగింది. నేను నోరు తెరిచేలోపు వదిన అందుకుంది. బహుమతి తీసుకోడానికి స్టేజీ ఎక్కినట్టుంది ఆవిడ వాలకం.

"ఉప్పూ కారం ఏమీ లేకుండా చానా నిష్ఠగా పెడతన్నామండీ. నూనె లేదు, పప్పు లేదు, గుడ్డు లేదు. ఒక్క పాత చింతకాయ తొక్కు, అంతే."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది.

"తొక్కులో ఉప్పు వెయ్యరా అమ్మా?"

"వేస్తామండీ, కల్లుప్పు. కానీ ఇది మూడేళ్ల నాటిది. పాతబడితే ఉప్పు చచ్చిపోద్ది గదండీ."

డాక్టరమ్మ కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది.

"ఉప్పు చావదమ్మా. ముప్పై ఏళ్లు జాడీలో ఉన్నా అది ఉప్పే. ఆ ఉప్పే ఈమె పొట్టలోకి నీళ్లు లాగింది. బలమిచ్చేవన్నీ మీరు మాన్పించారు, ఆ ఆకలికి ఒళ్లు తన కండని తనే తినేసింది."

వదిన నా వైపు చూడలేదు. ఒళ్లో ఉన్న జాడీని పైట కిందికి లాక్కుంది.

అదే రోజు చేర్చుకున్నారు. మంచం దొరికేదాకా మళ్లీ ఆ హాల్లోనే కూర్చోబెట్టారు. గుడ్డు తినొచ్చని డాక్టరమ్మ చెప్పిన మాట మా ఆయన షమీమ్‌కి చెప్పాడు, ఎవరికో ఒకరికి చెప్పకపోతే ఏడ్చేసేలా ఉన్నాడు. షమీమ్ సంచిలోంచి టిఫిన్ డబ్బా తీసింది. వాళ్లాయనకని తెచ్చిన గుడ్లు. ఒకటి పెంకు ఒలిచి, రెండు ముక్కలు చేసి నా చేతిలో పెట్టింది.

"ఉప్పు లేదక్కా, సప్పగా ఉంటది. తినేయ్."

మా వదిన ఎదురుగా నేను దాన్ని తిన్నాను. నిదానంగా, నమిలి నమిలి, ఆవిడ కళ్లలోకి చూస్తూ తిన్నాను. ఆ గుడ్డు మింగుతున్నప్పుడే అనుకున్నాను, చావకూడదని. హాస్టల్లో ఉన్న మా పిల్లలు గుర్తొచ్చి కాదు, దేవుడు గుర్తొచ్చి కాదు. నేను పోతే ఈవిడ నా దినానికి వచ్చినవాళ్లందరికీ, "ఎంత చేసినా నిలవలేదమ్మా, తాగుడు అట్టాంటిది" అని చెబుతుంది. ఆ మాట చెప్పే అవకాశం ఆవిడకి ఇవ్వకూడదని బతికాను.

మాటలు నేర్చుకున్న కాలం

పొట్టకి సూది గుచ్చి గొట్టంలోంచి నీళ్లు తీశారు. నా నీళ్లు అలా సీసాల్లోకి పోతుంటే, అందులో మా వదిన తొక్కు ఎంతుందో అని లెక్కేసుకుంటూ పడుకున్నాను. కాస్త తెలివి వచ్చాక డాక్టరమ్మ రౌండ్స్‌కి వచ్చినప్పుడల్లా ఒక్కో మాట అడిగేదాన్ని. ఆవిడ విసుక్కోకుండా చెప్పేది. ఎదుటివాళ్లతో పోట్లాడాలంటే మాటలుండాలి, నా దగ్గర బూతులున్నాయి గానీ ఈ మాటలు లేవు. అందుకని నేర్చుకున్నాను. మీరూ నేర్చుకోండి, ఎప్పుడు ఎవరి మీద పనికొస్తాయో తెలియదు.

బిలిరుబిన్ అంటే ఆ పసుపు రంగు. మన ఒంట్లో పాత రక్తం అరిగిపోయినప్పుడు తయారవుతుంది. లివర్ దాన్ని బయటికి పంపాలి. పంపలేకపోతే కళ్లలో, చర్మంలో, మూత్రంలో తేలుతుంది. కూరలో వేసే పసుపుకీ దానికీ చుట్టరికం లేదు.

ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ అనేవి లివర్ కణాల లోపల ఉండాల్సిన సరుకు. అవి రక్తంలో ఎక్కువగా కనపడ్డాయంటే కణాలు దెబ్బతిని కారుతున్నాయని అర్థం, గోతం చిరిగితేనే కదా గింజలు దారంతా పడేది. అల్బుమిన్ లివర్ తయారుచేసే మాంసకృత్తు. రక్తంలో నీళ్లని పట్టి ఉంచుతుంది. అది తగ్గి, లివర్ గట్టిపడి లోపల ఒత్తిడి పెరిగితే నీళ్లు పొట్టలోకి ఊరతాయి. దాన్ని అసైటిస్ అంటారు, మా ఊళ్లో మాత్రం ఒళ్లు చేయడం అంటారు. నా చేతులు టపటపలాడి బియ్యం కారంలో పోసిన దాని పేరు ఎన్‌కెఫలోపతి. లివర్ వడకట్టాల్సిన విషం తలకెక్కడం. దానికి తియ్యటి సిరప్ ఇచ్చి రోజుకి రెండు మూడుసార్లు విరేచనం అయ్యేలా చూస్తారు. అందులో సిగ్గుపడేదేమీ లేదు.

ఇక సిర్రోసిస్. ఈ మాట వినగానే అందరూ సీసా వైపు చూస్తారు. సిర్రోసిస్ అంటే లివర్ మచ్చలు పడి గట్టిపడడం. అది చివరి ఊరు. అక్కడికి చాలా దారులున్నాయి. తాగుడు ఒక దారి. షమీమ్ వాళ్లాయనది హెపటైటిస్ బి దారి. షుగరు, లావు ఉన్నవాళ్లకి కొవ్వు పేరుకుని వచ్చే దారి ఒకటి. నాది ఆటోఇమ్యూన్. అంటే ఒంటికి కాపలా కాయాల్సిన బలగమే సొంత లివర్ మీద పడి కొట్టడం. డాక్టరమ్మ అది చెబితే మా ఆయనకి ఎక్కలేదు. నాకు వెంటనే ఎక్కింది. సొంతవాళ్లే కొట్టడం నాకు కొత్త సంగతి కాదు.

దానికి మందులున్నాయి. వాడాను, వాడుతున్నాను. ఉప్పు బాగా తగ్గించమన్నారు. గుడ్లు, పప్పు, పెరుగు, చికెన్ తినమన్నారు, పడుకునే ముందు కూడా ఏదో ఒకటి తినమన్నారు. ఇది నాకు చెప్పింది. మీ డాక్టరు మీకు ఏం చెబితే అది చేయండి, నా మాట పట్టుకుని కాదు, మా వదిన మాట పట్టుకుని అసలే కాదు.

ఇంటికొచ్చిన మర్నాడు ఆవిడ మళ్లీ వచ్చింది, పొద్దున్నే, వట్టి చేతులతో. గడప దగ్గరే ఆపాను.

"ఇంక రాబాక వదినా. నీ చేతి కూడు తిని చచ్చేదాన్ని. నీ నోటి మాటకి ముందే చచ్చాను."

"నీ కాళ్లు ఒత్తినానే! కన్నతల్లి చేస్తదా అట్టా?" అంది. ఆవిడ కళ్లలో నిజంగానే నీళ్లు తిరిగాయి.

"కాళ్లు ఒత్తిన చేతులు లోపలికి రమ్మను. పరదా అవతల వాగిన నోరు బయటే ఉండాల."

రెండూ ఒకే మనిషివి కాబట్టి వెళ్లిపోయింది. మా ఆయన ఈసారి తల వంచలేదు. పొయ్యి మీద గుడ్లు ఉడుకుతుంటే చూస్తూ నిలబడ్డాడు.

ఆ తర్వాత మర మళ్లీ తీశాను. పొద్దున మర తలుపులు తీయగానే వాకిట్లో స్టూలేసుకుని, వీధంతా చూస్తుండగా రెండు గుడ్లు తినేదాన్ని. వదిన నీళ్ల క్యాను తెచ్చుకోను ఆ దారినే పోవాలి. ఆవిడ కనపడితే రెండో గుడ్డు కాస్త నిదానంగా తినేదాన్ని. జనం తిరిగి వచ్చారు, అందరూ కాదు. వచ్చినవాళ్లు కూడా తాగుడు మాట ఎత్తలేదు, మర్చిపోయామన్నట్టు నటించారు. మర్చిపోవడం వేరు, తప్పని ఒప్పుకోవడం వేరు. నాకు కావాల్సింది రెండోది.

ఆ ఏడు చలికాలంలో షమీమ్ ఫోన్ చేసింది. వాళ్లాయన పోయాడు. ఆ మర్నాడు గుడ్లు తినబుద్ధి కాలేదు, అయినా తిన్నాను.

ఈ ఏడు

ఇప్పుడు సాంబయ్య అన్నయ్య సంగతి. వదిన భర్త. శివరాత్రి తిరనాళ్లకి మా ఊరి నుంచి కోటప్పకొండకి ప్రభ కడతారు, కొబ్బరి చెట్టంత ఎత్తున అలంకరించిన బండి. అది కట్టే పెద్దల్లో ఆయన ముందుండేవాడు, నియమాల మనిషని పేరు. ఆ నియమాల మనిషి రోజూ సాయంత్రం ఎక్కడికెళ్లి వస్తాడో ఊరందరికీ తెలుసు. తెలిసినా ఎవరూ పైకి అనరు. మా ఊళ్లో పైకి అననంతవరకు ఏదీ జరిగినట్టు కాదు. అన్నాక మాత్రం జరగనిది కూడా జరిగినట్టే. నా విషయంలో అన్నారు, ఆయన విషయంలో అనలేదు, తేడా అంతే.

ఈ సంక్రాంతి వెళ్లిన కొన్నాళ్లకి మా ఆయన వచ్చి చెప్పాడు. "బావకి కళ్లు పచ్చబడ్డయ్యంట. పొట్ట కూడా ఉబ్బింది. అక్క గ్యాస్ అంటంది. పథ్యం పెడతంది."

నాకు సంతోషం వేసింది. దాచను. కడుపులో చల్లటి మజ్జిగ పోసినట్టయింది. రెండేళ్లుగా నోట్లో నానబెట్టుకున్న వాక్యం ఒకటుంది. వసారాలో పదిమంది ఉండగా గట్టిగా, "ఎన్నేళ్ల బట్టి తాగుతున్నాడు వదినా?" అని అడగాలి. ఇస్త్రీ చీర కట్టుకుని బయల్దేరాను.

వసారాలో అనుకున్నట్టే జనం ఉన్నారు. వదిన నన్ను చూసి లేచి నిలబడింది, ఎందుకొచ్చానో ఆవిడకి తెలుసు. అన్నయ్య నులక మంచం మీద ఉన్నాడు. ప్రభ తాళ్లు లాగిన చేతులు పుల్లల్లా అయ్యాయి, పొట్ట మాత్రం బిగిసి ఉంది. పక్కన స్టూలు మీద పళ్లెం. మెత్తటి అన్నం, నల్లటి తొక్కు.

నేను నోరు తెరిచాను. ఈలోపు అన్నయ్యే చెయ్యెత్తి నన్ను దగ్గరికి పిలిచాడు. చెవిలో చెబుతున్నాననుకుని అందరికీ వినపడేలా అన్నాడు.

"అమ్మాయ్, ఒక్క గుడ్డు పెట్టమని చెప్పవే మీ వదినకి. నా మాట వినటంలా."

ఆ గొంతు నాది. ఆ మధ్యాహ్నం మా ఆయన చెవిలో అడిగిన గొంతు. నోట్లో వాక్యం అలాగే ఉండిపోయింది. దాన్ని మింగడం ఎంత కష్టమైందో, తొక్కు కూడా అంత కష్టంగా దిగలేదు.

పళ్లెం తీసుకెళ్లి వీధి కాలవలో పారబోశాను. అంతటితో ఆగలేదు. వంటింట్లోకి వెళ్లి, అటక కింద వరసగా ఉన్న జాడీల్లో పెద్దది చంకనెత్తుకుని వచ్చి, అందరి ముందూ అదే కాలవలో బోర్లించాను. వదిన కెవ్వుమంది.

"నీ చేతులు పడిపోను! మా అమ్మ కాడ నేర్చుకున్న తొక్కే అది!"

"ఉప్పు చావదు వదినా" అన్నాను. "రెండేళ్ల కిందట నువ్వూ విన్నావు, నేనూ విన్నాను. విని కూడా మళ్లీ పెట్టావు చూడు, అందుకు పోశా."

ఆవిడ కాలవ గట్టు మీద కూలబడింది. "అది తప్ప నాకేం తెలుసే. ఇంకేం చెయ్యాలో నాకేం తెలుసు" అని అప్పుడు ఏడ్చింది. నేను ఓదార్చలేదు. కారు తెమ్మని మా ఆయనకి ఫోన్ చేశాను.

అదే హాలు, అవే కుర్చీలు. షమీమ్ కూర్చున్న కుర్చీలో ఎవరో ముసలాయన ఉన్నాడు. లోపల డాక్టరమ్మ అన్నయ్యని చూసి, వదిన వైపు తిరిగి అడిగింది.

"మందు అలవాటు ఉందామ్మా?"

"లేదండీ."

"చేతులు వణుకుతున్నాయి. రోజూ తాగే మనిషి ఉన్నట్టుండి మానేసినా ప్రమాదమే. ఎప్పుడు మానేశారో తెలియకపోతే ఇప్పుడు ప్రాణం మీదికి వస్తుంది. నిజం చెప్పాలి."

వదిన తలుపు మూసి ఉందో లేదో చూసుకుంది. నేను చెప్పొచ్చు. చెప్పలేదు. ఆ ప్రశ్న కింద ఒక మనిషి ఎట్లా కూర్చుంటుందో ఆవిడకి కాసేపు తెలియనిచ్చాను. తర్వాత, "చెప్పు వదినా, లేకపోతే చంపుకుంటావు" అన్నాను.

"పాతికేళ్ల బట్టీ అండీ" అంది నేల చూస్తూ. "రోజూ. ఐదారు రోజులుగా మంచం దిగలేక మానినాడు."

అన్నయ్యని చేర్చుకున్నారు. బయట వరండాలో వదిన నా చెయ్యి పట్టుకుంది.

"ఊళ్లో చెప్పబాకే. ప్రభ కాడ ఆయన మాట పోద్ది."

దీని కోసమే కదా నేను బతికింది అనుకున్నాను. చెయ్యి విడిపించుకోలేదు.

"నేను చెప్పను. నువ్వు చెప్పాల, నా సంగతి. మర కాడ, జనం ఉన్నప్పుడు, పద్మ తాగలేదని, నేనే అబద్ధం ఆడానని చెప్పాల. అది చెబితే నీ మొగుడి సంగతి నా నోట రాదు."

ఇది బేరమే. మంచితనం అనుకోకండి. అన్నయ్య సంగతి ఇక్కడ రాశానని మాట తప్పాననీ అనుకోకండి. నోట రాదన్నాను, రాయనని అనలేదు. ఆయన ఇప్పుడు మందు మాని గుడ్లు తింటున్నాడు. వదిన పెంకు ఒలిచి పెడుతోంది. లివర్ ఎంతవరకు తిరిగొస్తుందో ఇప్పుడే చెప్పలేమంది డాక్టరమ్మ.

శివరాత్రి అయింది, ప్రభ వెళ్లొచ్చింది, మరకి కాయ జోరుగా వస్తోంది. మొన్న వాకిట్లో బేసిన్లు వీధిదాకా ఉన్న రోజు, వదిన తన బేసిన్ ఎత్తుకుని వచ్చింది. వరసలో నిలబడలేదు. తిన్నగా మర దగ్గరికి వచ్చి నా పక్కన నిలబడింది. మర తిరుగుతోంది, బెల్టు చప్పుడుకి పక్కవాళ్ల మాట కూడా వినపడదు. ఆవిడ పెదవులు కదిలాయి.

"మా పద్మ ఏనాడూ మందు ముట్టలా. నేనే ఊరికే అన్నా."

నాకు వినపడింది. నాకొక్కదానికే. ఆవిడ అది చూసుకునే వచ్చింది.

స్విచ్ ఆపేశాను. బెల్టు నిదానించి, టక్కు టక్కుమని ఆగింది. కరెంటు పోయిందేమోనని అందరూ మా వైపు తిరిగారు.

"వినపళ్లేదు వదినా. మళ్లీ చెప్పు."

నా మొహం చూసింది. జనం వైపు చూసింది. పైటతో మూతి తుడుచుకుని, ఈసారి అందరికీ వినపడేలా చెప్పింది. రెండు ముక్కలూ చెప్పింది. పక్క ఊరి మరకి మళ్లి తిరిగొచ్చిన ఆడవాళ్లు తమ బేసిన్లలో కాయలు సర్దుకున్నారు.

మర మళ్లీ వేశాను. ఆవిడ వెనక్కి వెళ్లి వరసలో నిలబడింది. తన వంతు వచ్చాక బేసిన్ అందుకుని, అలవాటుగానే అడిగాను.

"ఉప్పేసి పట్టాలా, వట్టిదేనా?"

"వట్టిదేనే" అంది.

అదీ వినపళ్లేదన్నాను.